రెండు గ్రాములు తక్కువైన రాయి

కాటా బాబాయ్‌కి లోకంలో ఎవరి మాట మీదా నమ్మకం లేదు. కిలో అన్నది కిలో అవునో కాదో తూచి చూడాల్సిందే. భార్య "రెండు నిమిషాల్లో వస్తా" అంటే గోడ గడియారం వంక చూస్తాడు. ఒకసారి బిస్కెట్ల పొట్లం అయిదు గ్రాములు తక్కువుందని బస్సెక్కి మరీ కొట్టుకి తిరిగి వెళ్ళి, ఆ అయిదు గ్రాములు సాధించుకొచ్చాడు. బస్సు టిక్కెట్టు డబ్బులతో ఇంకో రెండు పొట్లాలొచ్చేవని భార్య దెప్పితే, "ఇది డబ్బు సంగతి కాదు, తూకం సంగతి" అన్నాడు. అలాంటి మనిషి ఫోన్లో బేరమాడి మోసపోయాడంటే వినేవాళ్ళకి ముందు నవ్వొస్తుంది. నవ్వుకోండి, తప్పు లేదు. మోసపోయింది ఆయన ఒక్కడే అయితే ఇది చెప్పుకోవాల్సిన కథే కాదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన పని కాటాలు బాగుచేయడం. ఇంటి ముందుగది దుకాణం, వెనక రెండు గదులు కాపురం. ముందుగదిలో గోడ పొడుగునా చెక్క బల్ల, దాని మీద పళ్ళేలు ఊడదీసిన కాటాలు, తీగల ముక్కలు, స్క్రూలు పోసిన సబ్బుపెట్టెలు. బల్ల కుడిచివర ఆయన సొంత కాటా. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, దాని పక్కన టీ గ్లాసు పెట్టకూడదు, దాని ముందు గట్టిగా తుమ్మకూడదు. పచారీ కొట్లు, బేకరీలు, మందుల షాపులు, చంటిపిల్లల ఆసుపత్రి, ఎవరి కాటా మొరాయించినా ఈ బల్ల మీదికి రావాలి. లేదంటే ఈయనే సంచీ భుజాన వేసుకుని వెళ్ళాలి.

కాటా నిజం చెబుతోందో లేదో తేల్చేది తూనికరాయి. రెండు కిలోల ఇత్తడి రాయి పెడితే కాటా రెండు వేల గ్రాములు చూపించాలి. చూపించకపోతే తప్పు కాటాదే, రాయిది కాదు. ఈ వృత్తిలో తీర్పు చెప్పేది రాయే. అందుకే ఆ రాళ్ళని ఏడాదికోసారి తూనికల ఆఫీసుకి పట్టుకెళ్ళి, పరీక్ష చేయించి, ముద్ర కొట్టించుకోవాలి. ఈ ఏడు ఆఫీసువాళ్ళు బాబాయ్ పాత రాళ్ళని తిరగ్గొట్టారు. వాడీ వాడీ అరిగిపోయాయన్నారు. రెండు కిలోల రాయికి "రెండు గ్రాములు తక్కువ" అని చీటీ రాసి, దాని నెత్తిన అడ్డంగా రెండు గీతలు గీకి పంపించారు. ముద్ర లేని రాయితో పని చేయకూడదు. పాపం ఆ రాయి ఉద్యోగం ఊడి, దుకాణానికీ వంటింటికీ మధ్య తలుపు కొట్టుకోకుండా కాపలా కూర్చుంది.

కొత్త రాళ్ళకి కంపెనీవాళ్ళు రెండు నెలలు ఆగమన్నారు. రెండు నెలలు రాళ్ళు లేకపోతే బాబాయ్ చేతులు ముడుచుకుని కూర్చోవాలి. సరిగ్గా అప్పుడే, పాత సామాన్లు అమ్ముకునే యాప్‌లో ఒక ప్రకటన కంటబడింది. ఎవరో వర్క్‌షాపు ఎత్తేస్తున్నారట. ఈ ఏటి ముద్రతో ఇత్తడి రాళ్ళ సెట్టు, చెక్కపెట్టెతో సహా సగం ధర. బాబాయ్ ఊరికే నమ్మలేదు. ఇరవై ప్రశ్నలు వేశాడు, ముద్రల ఫొటోలు దగ్గర్నుంచి తీయించుకున్నాడు. అమ్మేవాడు అన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చాడు. చివర్లో తనంతట తనే ఒక మాట రాశాడు: "సార్, రాళ్ళు వట్టి చేత్తో పట్టుకోకండి. చెమట అంటుకుంటే బరువు మారిపోతుంది."

అంతే, బాబాయ్ వెన్నలా కరిగిపోయాడు. చెమట సంగతి తెలిసినవాడు ఈ పని చేసినవాడే అయ్యుండాలి, ఒకే పని చేసేవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు మోసం చేసుకోరు అన్నది ఆయన లెక్క. యాప్ ద్వారా అయితే కమీషన్ పోతుంది సార్, నా ఖాతాకి నేరుగా పంపించండి అంటే నేరుగానే పంపించేశాడు. ఏ పుట్టలో ఏ పాముందోనని వీధిలో అందరికీ బుద్ధులు చెప్పే మనిషి, ఈ పుట్టలో మాత్రం మోచేతిదాకా చెయ్యి పెట్టాడు.

సోమవారం పెట్టె వచ్చింది. లోపల నీలం గుడ్డ పరిచి, గుంటల్లో రాళ్ళు ఒద్దికగా కూర్చున్నాయి. బాబాయ్ మెత్తటి గుడ్డ చేతికి చుట్టుకుని రెండు కిలోల రాయి ఎత్తాడు. ఆయనకి ఒక గొప్ప ఉంది. కళ్ళు మూసుకుని ఏ వస్తువైనా చేతిలో పెట్టుకుంటే పది గ్రాములు అటూ ఇటూగా బరువు చెప్పేస్తాడు. గుమ్మడికాయల మీద పందేలు కాసి ఎన్ని టీలు గెలుచుకున్నాడో లెక్కలేదు. ఆ చెయ్యి ఇప్పుడు చిన్నగా గొణిగింది, కాస్త తేలిగ్గా ఉందని. వయసు మీదపడింది, చెయ్యి మొద్దుబారింది అనుకుని ఊరుకున్నాడు. తన కాటా మీద పెడితే వెయ్యీ తొమ్మిదొందల అరవై చూపించింది. రాయికి ముద్ర ఉంది, కాబట్టి తప్పు కాటాదే అనుకున్నాడు. తుమ్మితేనే ఒప్పుకోని ఆ కాటాని పట్టుకుని, కొత్త రాయికి తగ్గట్టు సరిచేశాడు. ఆ తర్వాత మిగతా రాళ్ళన్నీ దాని మీదే పెట్టి చూశాడు. గ్రాము తేడా లేదు. ఎందుకుంటుంది? దొంగ మాట నిజమో కాదో వాడి తమ్ముణ్ణి అడిగితే ఏమంటాడు?

మంగళవారం మూడు చోట్లకి వెళ్ళాడు. ఆసుపత్రి, పచారీ కొట్టు, బామ్మర్ది బేకరీ. మూడు చోట్లా కాటాలు ఒకే తప్పు చూపించాయి, రెండు కిలోలకి నలభై గ్రాములు తక్కువ. మూడిళ్ళలో మూడు గడియారాలు ఒకేసారి ఒకే నిమిషం వెనకబడవని ఎవరికైనా తోచాలి. ఈయనకి గర్వం తప్ప ఇంకేం తోచలేదు. ఆసుపత్రిలో పెద్ద నర్సుతో, "చూశారా సిస్టర్, మీ కాటా పిల్లలందరికీ తక్కువ చూపిస్తోంది. నేను రాబట్టి సరిపోయింది" అని ఛాతీ విరుచుకున్నాడు.

అది నెలలు నిండకుండా పుట్టిన పిల్లలుండే గది. వెయ్యీ ఎనిమిదొందల గ్రాములు దాటితేగానీ అక్కడి నుంచి ఏ బిడ్డనీ ఇంటికి పంపించరు. గోడవార స్టూలు మీద కూర్చుని పాపకి చెంచాతో పాలు పడుతున్న ఒక తల్లి ఆ మాట విని తలెత్తింది. నెలరోజులుగా ఆ అమ్మాయికి ఆ గదే ఇల్లు. "అయితే మా పాప ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తోందా, బాబాయ్ గారూ?" అని అడిగింది.

"మరే. రేపు పొద్దున చూసుకో తల్లీ, నీకే తెలుస్తుంది" అన్నాడు బాబాయ్. అడగని దానికి కూడా హామీ ఇవ్వడం ఆయనకి అదే మొదటిసారి.

బుధవారం తొమ్మిదింటికి బామ్మర్ది వచ్చాడు. రెండు వీధుల అవతల బేకరీ అతనిది, వచ్చినప్పుడల్లా మోచేతుల దాకా పిండి ఉంటుంది. "బావా, వెన్న కంపెనీవాడు దానధర్మాలు మొదలెట్టాడు" అన్నాడు గుమ్మంలోంచే.

"పొద్దున్నే నీ పరాచికాలేంట్రా?"

"పరాచికాలు కాదు బావా. కిలో ప్యాకెట్టు సీలు తియ్యకుండా కాటా మీద పెడితే కిలో ఇరవై చూపిస్తోంది. ఒకటైతే పొరపాటనుకోవచ్చు. అయిదు పెట్టా, అయిదూ అంతే. ఆ కంపెనీవాడి తాత కూడా ఎప్పుడూ గ్రాము ఎక్కువ వెయ్యలేదు."

బాబాయ్ చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. బామ్మర్ది ఇంకా ఏదో అంటున్నాడు, ఆయనకి వినపడటం లేదు. లేచి వెళ్ళి తలుపు దగ్గర పాత రాయి ఎత్తాడు. తలుపు గాలికి ధడాలున కొట్టుకుంది. రాయికి పట్టిన దుమ్ము చొక్కా అంచుతో తుడిచి, తన కాటా మీద పెట్టాడు. ఆ రాయి లోపం ఎంతో ఆయనకి తెలుసు, రెండే రెండు గ్రాములు. వెయ్యీ తొమ్మిదొందల తొంభై ఎనిమిది రావాలి.

రెండు వేల ముప్ఫై తొమ్మిది వచ్చింది.

కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. రాయి తీసి మళ్ళీ పెట్టాడు. అదే ముప్ఫై తొమ్మిది. కొత్త రాయి పెడితే మాత్రం బుద్ధిమంతుడిలా రెండు వేలు. రెండు రాళ్ళనీ పక్కపక్కన పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

తలుపు చప్పుడుకి భార్య లోపల్నుంచి వచ్చింది. ఆవిడ పాతికేళ్ళు కరెంటాఫీసులో ఫిర్యాదుల ఫోనెత్తిన మనిషి. ఎవరు ఎంత అరిచినా, ఏడ్చినా, "ముందు చిరునామా చెప్పండి" అనగలిగిన గుండె ఆవిడది. మొగుడి మొహం చూసి, కాటా చూసి, రెండు రాళ్ళూ చూసి, ఎవరూ చెప్పకుండానే సగం గ్రహించింది.

"ముద్రలు కూడా దొంగవేనా?" అంది.

"అన్నీ దొంగవే. లోపల తొలిచేసి పైన పూత వేసుంటాడు. కిలోకి ఇరవై గ్రాములు తినేశాడు."

"ఊళ్ళో అందరికీ పెట్టెలో సామాను బదులు రాళ్ళొస్తే మోసపోయామని ఏడుస్తారు" అన్నాడు బామ్మర్ది ఉండబట్టలేక. "మా బావ ఆర్డరు పెట్టిందే రాళ్ళు!"

"నువ్వు కాసేపు నోరు ముయ్యరా" అంది అక్క. బల్ల మీది చిత్తుకాగితాల పుస్తకం లాక్కుని పెన్ను మూత తీసింది. "డబ్బు ఏ రోజు పంపించారు? టైమెంత? ఏ ఖాతాకి? వాడితో మాట్లాడిందంతా ఫోన్లోనే ఉందా?"

"ఉంది. నాలుగు తిట్లు తిట్టి..."

"తిట్టకండి. మనకి తెలిసిపోయిందని వాడికి తెలిస్తే చెరిపేసుకుని పారిపోతాడు. మీరూ ఏదీ చెరపకండి. ఫోను నాకివ్వండి. వాడి పేజీ మాయమవకముందే ఫొటోలు తీసి పెడతా. పెట్టె, అట్ట, కొరియరు చీటీ, ఏదీ పారెయ్యద్దు. ముందు బ్యాంకుకి, ఆ తర్వాత సైబర్ పోలీసులకి, ఆ తర్వాత యాప్‌వాళ్ళకి. ఎవరు ఫోనెత్తినా ఫిర్యాదు నంబరు తీసుకోకుండా పెట్టను."

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎందుకే?"

"పట్టుకోకపోతే ఇంకా కాలుతుంది కాబట్టి" అంది ఆవిడ రాసుకుంటూనే. అన్నీ రాసుకున్నాక, పాతికేళ్ళ అలవాటు కొద్దీ, ప్రతి ఫిర్యాదు చివరా అడిగే ప్రశ్న ఆవిడ నోట దానంతటదే వచ్చింది. కరెంటు పోయిందని ఫోన్ చేసిన ప్రతివాణ్ణీ అడిగేది అది.

"మన ఒక్క ఇంటికేనా, వీధి మొత్తానికా?"

బాబాయ్ తలెత్తి చూశాడు. అప్పటిదాకా ఆయన బాధ డబ్బు గురించి, పరువు గురించి. ఇప్పుడు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "బేకరీ" అన్నాడు. "పచారీ కొట్టు" అన్నాడు. "ఆసుపత్రి" అన్నాడు. చెంచాతో పాలు పడుతున్న అమ్మాయి కళ్ళముందు కదిలింది. ఆయన బుర్ర వద్దన్నా లెక్క కట్టేసింది. వెయ్యీ ఏడొందల డెబ్భై గ్రాములున్న పాప ఆ కాటా మీద వెయ్యీ ఎనిమిదొందల ఆరు తూగుతుంది. హద్దు దాటేస్తుంది. ఇంటికి పంపించేస్తారు.

"ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి ముందు" అంది భార్య, ఆయన చెప్పింది విని.

చేశాడు. మూడుసార్లు మోగాక ఎవరో అమ్మాయి ఎత్తింది. పెద్ద నర్సు వార్డులో ఉంది, ఏమైనా చెప్పాలా అని అడిగింది. "నేను కాటా..." అన్నాడు బాబాయ్. నేను సరిచేసిన కాటా తప్పు చెబుతోంది అన్న ఒక్క వాక్యం. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా అనని వాక్యం. మింగలేకా కక్కలేకా, "ఏం లేదమ్మా, నేనే వస్తా" అని పెట్టేశాడు. పెట్టేశాక భార్య మొహం చూడలేకపోయాడు. ఆవిడ స్కూటరు తాళాలు చేతిలో పెట్టింది.

ఫోను ఆవిడ దగ్గరే ఉండిపోయింది. సంచీలో తలుపు దగ్గరి పాత రాయి, దాని చీటీ వేసుకుని ఆయన బయల్దేరాడు. ఆసుపత్రి పావుగంట దూరం. ఆ రోజు ప్రతి సిగ్నలూ ఈయన కోసమే ఎర్రబడింది. ఆగిన ప్రతిచోటా మనసు ఒక అబద్ధం అల్లింది. సర్వీసింగుకి వచ్చానని చెప్పొచ్చు. నిన్న ఒక స్క్రూ బిగించడం మర్చిపోయానని చెప్పొచ్చు. అయిదు నిమిషాలు కాటా పక్కకి తీసుకుని సరిచేసేస్తే ఎవరికీ తెలియదు, మళ్ళీ తూస్తే సరైన బరువే వస్తుంది. పొద్దున పెరిగిన పాప ఇప్పుడు తగ్గిందేమని ఎవరైనా అడిగితే, పిల్లలన్నాక పెరుగుతారు, తరుగుతారు. అప్పుడు ఆ తల్లి తన పాలే తక్కువయ్యాయనుకుంటుంది. అక్కడ ఆగిపోయింది అబద్ధం. వెనక కారువాడు హారను కొట్టాడు, సిగ్నల్ ఎప్పుడో పచ్చబడింది.

ఆ వార్డులోకి ఊరికే వెళ్ళనివ్వరు. చెప్పులు బయట వదలాలి, మోచేతుల దాకా సబ్బుతో రెండు నిమిషాలు కడుక్కోవాలి, పైన గౌను తొడుక్కోవాలి. బాబాయ్ కడుక్కుంటూ తలుపు అద్దంలోంచి లోపలికి చూశాడు. ఆ అమ్మాయి మంచం మీద పసుపు దుప్పటి పరిచి, ఖాళీ పాలసీసాలు, చిన్న చిన్న టోపీలు సంచీలో సర్దుతోంది. పాప దుప్పటి మధ్యలో ఉంది, పిడికిలంత మొహం. పెద్ద నర్సు బల్ల దగ్గర కాగితాలు నింపుతోంది. రెండు నిమిషాలు అవడం లేదు. సబ్బు చేతుల్లోంచి రెండుసార్లు జారింది.

లోపలికి వెళ్ళాక, తీరా నోరు తెరిస్తే సిగ్నల్ దగ్గర అల్లిన అబద్ధమే ముందొచ్చింది. "ఒకసారి కాటా చూసిపోదామని వచ్చాను, సిస్టర్."

"నిన్ననేగా చూశావు, బాబాయ్" అంది నర్సు తలెత్తకుండా.

ఈలోపు ఆ అమ్మాయే దగ్గరికొచ్చింది. మొహం అంతా వెలుగు. "పొద్దున వెయ్యీ ఎనిమిదొందల ఎనిమిది చూపించింది! మీరు చెప్పినట్టే. మీ చేతి చలవ బాబాయ్ గారూ. సాయంత్రం మా ఆయన వస్తున్నాడు తీసుకెళ్ళడానికి" అంది.

బాబాయ్‌ సంచీలోంచి రాయి తీసి, రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. వట్టి చేతులతోనే పట్టుకున్నాడు, చెమట సంగతి గుర్తే లేదు. "లేదమ్మా" అన్నాడు. "అది నిజం బరువు కాదు. నా రాళ్ళు దొంగవి. నేను మోసపోయి, మిమ్మల్ని మోసం చేశాను. సిస్టర్, ఆ కాగితం మీద సంతకం పెట్టకండి."

గదిలో ఉన్న నలుగురు తల్లులూ ఇటు తిరిగారు. నర్సు పెన్ను కింద పెట్టింది. రాయి అందుకుని, స్పిరిట్ దూదితో తుడిచి, కాటా మీద పెట్టింది. రెండు వేల ముప్ఫై తొమ్మిది. బాబాయ్ చీటీ చూపించాడు, తూనికల ఆఫీసు రాసిచ్చిన పాత చీటీ. నర్సు చీటీ చదివి, కాటా చదివి, "సరిచెయ్యి" అంది. ప్రతి అంకెనీ రెండేసిసార్లు సరిచూసుకుంటే పది నిమిషాల పని అరగంట పట్టింది. అప్పుడు పాపని పెట్టారు.

వెయ్యీ ఏడొందల డెబ్భై రెండు.

"నిన్నా ఇవాళా ఈ కాటా మీద పదకొండు మందిని తూచాం" అంది నర్సు. గొంతు పెంచలేదు, అదే భయంగా ఉంది. "ఇక్కడ మందులన్నీ బరువు చూసి వేస్తాం, తెలుసా నీకు?" పదకొండు కాగితాలూ తీసుకుని డాక్టరు గదిలోకి వెళ్ళింది. బాబాయ్ వరండాలో నిలబడ్డాడు. కూర్చోమని కుర్చీ చూపించారు, కూర్చోలేకపోయాడు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ అటు రెండడుగులు వేసి ఆగాడు. నలభై నిమిషాల తర్వాత నర్సు బయటికొచ్చి, ఎవరికీ ప్రమాదం లేదని డాక్టరు చెప్పాడంది. రెండు మందులు తగ్గించి రాశాడట. "ఇంకో వారం తెలియకుండా ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి సర్దిన సంచీలోంచి టోపీలు ఒక్కొక్కటే బయటికి తీస్తోంది. బాబాయ్ గుమ్మం దగ్గరే ఆగి, "తప్పు నాదమ్మా" అన్నాడు.

ఆమె ఆయన వంక చూడలేదు. "ముప్ఫై గ్రాములు. ఆ ముప్ఫై గ్రాముల కోసం ఎన్ని రాత్రులు కూర్చున్నానో మీకు తెలియదు" అంది. "మా ఆయన సెలవు పెట్టుకుని బస్సెక్కేశాడు. ఇప్పుడేం చెప్పమంటారు?" అని అడిగింది.

ఆ సాయంత్రమే బేకరీ కాటా సరిచేసి, పచారీ కొట్టుకి వెళ్ళాడు. కొట్టు యజమాని అంతా విని, "ఉండనీ బాబాయ్, ఇంకో వారం. నీకేం పోయింది, కిలోకి ఇరవై నాకే కలిసొస్తోంది" అని నవ్వాడు. బాబాయ్ ఆ కాటా చంకన పెట్టుకుని బయటికి నడిచి, మెట్ల మీదే కూర్చుని సరిచేశాడు. ఇంటికొచ్చి, అట్టముక్క మీద "సోమ, మంగళవారాల్లో నేను సరిచేసిన కాటాలు తప్పు. తప్పు నాదే" అని రాసి దుకాణం బయట వేలాడదీశాడు. మరుసటి రోజు ఇద్దరు పాత ఖాతాదారులు వచ్చి, బోర్డు చదివి, రిపేరుకిచ్చిన కాటాలు తీసుకుని వెళ్ళిపోయారు.

భార్య మాత్రం తన పని తాను చేసుకుపోయింది. బ్యాంకువాళ్ళు, మీ చేత్తో మీరే పంపిన డబ్బు కాబట్టి గ్యారంటీ ఇవ్వలేం, ప్రయత్నిస్తాం అన్నారు. పోలీసులు నంబరిచ్చారు. యాప్‌వాళ్ళు వాడి పేజీ తీసేశారు. మధ్యలో ఆ అమ్మినవాడి దగ్గర్నుంచే, రాళ్ళు వెనక్కి తీసుకుంటాం, ముందు ఈ లింకు నొక్కి కొరియరు ఖర్చు కట్టండి, మొత్తం తిరిగిస్తాం అని మెసేజి వచ్చింది. ఫోను బాబాయ్ చేతిలో ఉండుంటే ఆ బెంగలో అదీ నొక్కేసేవాడే. ఆవిడ దాన్ని కూడా ఫొటో తీసి పోలీసులకి పంపించింది. డబ్బు ఇంకా రాలేదు. ఆవిడ ప్రతి సోమవారం నంబరు చెప్పి అడుగుతూనే ఉంది. దొంగరాళ్ళు సాక్ష్యమని పెట్టెతో సహా బీరువా మీద పెట్టింది. తూనికల ఆఫీసుకి మొగుణ్ణి తనే తీసుకెళ్ళి జరిగింది చెప్పించింది. వాళ్ళు నాలుగు చీవాట్లు పెట్టి, కొత్తవి వచ్చేదాకా మందుల షాపులకీ ఆసుపత్రులకీ వెళ్ళేటప్పుడు తమ రాళ్ళు అద్దెకు తీసుకెళ్ళమన్నారు.

శుక్రవారం ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. పెద్ద నర్సు. బాబాయ్ నిలబడి మాట్లాడాడు.

"రేపట్నుంచి రోజూ పొద్దున రావాలి నువ్వు" అంది. "ఆ అమ్మాయి పాపని కాటా మీద పెట్టనివ్వడం లేదు. ముందు ఆ రాయి పెట్టి తనకి చూపించాలట. ఆఫీసు రాయి కాదు, నువ్వు తెచ్చిన ఆ పాత రాయే."

శనివారం వెళ్ళాడు. రాయి పెట్టాడు, వెయ్యీ తొమ్మిదొందల తొంభై ఎనిమిది. పాప వెయ్యీ ఏడొందల డెబ్భై నాలుగు. ఆదివారం డెబ్భైకి పడింది. ఆ రోజంతా ఆయనకి అన్నం సహించలేదు, బామ్మర్ది జోకులేసినా పలకలేదు. సోమవారం డెబ్భై ఎనిమిది. మంగళవారం మళ్ళీ డెబ్భై ఎనిమిదే. ఆ అమ్మాయి ఆయనతో ఒక్క మాటా మాట్లాడేది కాదు. అంకె చూసి, పాపని తీసుకుని, అటు తిరిగి కూర్చునేది. బుధవారం తొంభై, గురువారం తొంభై మూడు. ఇంట్లో తలుపు రోజూ పొద్దున గంటసేపు కొట్టుకుంటూనే ఉండేది.

శుక్రవారం ఆయన చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళేసరికి, ఆ అమ్మాయి పాపని ఎత్తుకుని కాటా పక్కనే నిలబడి ఉంది. "చేత్తో పట్టుకుని బరువు చెప్పేస్తారట కదా మీరు. సిస్టర్ చెప్పింది" అంది. తొమ్మిది రోజుల తర్వాత ఆమె ఆయనతో అన్న మొదటి మాట. ఆయన వద్దనేలోపే పాపని చేతుల్లో పెట్టింది.

బాబాయ్ కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి వెంటనే చెప్పింది. ఆ సోమవారం దొంగరాయి ఎత్తినప్పుడు చెప్పినంత స్పష్టంగానే చెప్పింది. నోటిదాకా వచ్చిన అంకెని ఆయన మింగేశాడు.

"ఎంత?" అంది ఆమె.

"నేను చెప్పనమ్మా. ముందు రాయి పెడతా, నువ్వు చదువు. తర్వాత పాపని పెడదాం. అదీ నువ్వే చదువు."

పాపని నర్సుకిచ్చి రాయి పెట్టాడు. ఆమె పైకి చదివింది. రాయి తీశాడు. పాపని పెట్టారు. పాప కాళ్ళు తన్నుకుంటుంటే అంకెలు పైకీ కిందకీ గెంతాయి. పాప కాస్త సద్దుమణిగింది, అంకె నిలబడింది.

"వెయ్యీ ఎనిమిదొందల పధ్నాలుగు" అని చదివింది ఆమె. "మళ్ళీ ఒకసారి" అంది.

మళ్ళీ రాయి, మళ్ళీ పాప. మళ్ళీ అంతే వచ్చింది. ఆమె ఫోను తీసి భర్త నంబరు నొక్కింది. అవతల ఎత్తగానే, "వెయ్యీ ఎనిమిదొందల పధ్నాలుగు" అంది. "అవునండీ, నిజం బరువే. రాయి పెట్టి నేనే చూశాను."